జుకినీ పిందెలు వేలెడైనా కాకముందే పసుపెక్కి కుళ్లిపోతున్నాయి, ఏం చేయాలి?

మల్లిపందిరి (కూకట్‌పల్లి, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మాది ఐదంతస్తుల అపార్టుమెంటు, మిద్దె మీద తోట. టమాటా, వంగ, బెండ, ఆకుకూరలు బాగానే వస్తాయి. ఈ అక్టోబరు చివర్లో మొదటిసారి ఆకుపచ్చ జుకినీ (కీరదోసలా కనిపించే విదేశీ కూరగాయ) విత్తనాలు పెట్టాను. 18 అంగుళాల గ్రో బ్యాగులు, బ్యాగుకు ఒకే మొక్క. మట్టి మిశ్రమం ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్, గుప్పెడు వేపపిండి.

మొక్కలు మాత్రం చూడముచ్చటగా పెరిగాయి. ఒక్కో ఆకు విస్తరాకంత ఉంది. పూలూ బాగా వస్తున్నాయి. కానీ పిందె బొటనవేలంత అయ్యేసరికి పూవున్న వైపు నుంచి పసుపెక్కుతోంది, తర్వాత మెత్తబడి ముట్టుకుంటే ఊడిపోతోంది. ఒక్క కాయ కూడా చేతికి రాలేదు. నర్సరీ ఆయన క్యాల్షియం లోపం అన్నారు. దానికితోడు ఆకుల మీద తెల్ల మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. రెండింటి ఫొటోలూ కింద పెట్టాను. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

బీరపాదు (విజయవాడ)

టమాటాకి అడుగు నల్లబడే జబ్బు వస్తుంది కదండీ, ఇదీ అలాంటిదే అనిపిస్తోంది. గుడ్డు పెంకులు ఎండబెట్టి మెత్తగా పొడి చేసి మొదట్లో వేయండి. లేదంటే ఆకుల మీద కొట్టే క్యాల్షియం ద్రావణం దొరుకుతుంది. మా సొరపాదుకు అదే వాడుతున్నాను.

తోటమాలి_తెనాలి (తెనాలి)

అమ్మా మల్లిపందిరి, ఫొటో చూశాను. మందేదీ కొనకండి, కాస్త ఆగండి. ముందు మూడు సంగతులు చెప్పండి. పొద్దున ఎన్ని గంటలకు మొక్కల దగ్గరికి వెళ్తారు? ఆ సమయానికి పూలు విచ్చుకుని ఉంటాయా, ముడుచుకుని ఉంటాయా? తేనెటీగలు కనబడుతున్నాయా?

బీరపాదు గారూ, మీరు చెప్పిన జబ్బు జుకినీకీ వస్తుంది, కాదనను. కానీ దాని తీరు వేరు. అది వచ్చిన కాయ కొంత పెరుగుతుంది. పెరిగాక చివర నీరు పట్టినట్టు మచ్చ పడుతుంది, ఆ మచ్చ లోపలికి గుంటపడి గోధుమరంగుకో నలుపుకో తిరిగి తోలులా గట్టిపడుతుంది. ఈమె ఫొటోలో పిందె అసలు ఎదగనే లేదు. పూవు పూసిన నాడు ఎంత ఉందో దాదాపు అంతే ఉంది, చివర సన్నబడి ముడుచుకుంది. ఇది పుప్పొడి అందని పిందె. పిందెలో గింజ కట్టలేదని తెలిసిన మొక్క దానికి తిండి పంపడం మానేస్తుంది. అందుకే పూవు వాడిన నాలుగైదు రోజుల్లో అది పసుపెక్కుతుంది. కుళ్లు ఆ తర్వాత వచ్చి చేరేదే.

ఇంకొక మాట. క్యాల్షియం జబ్బు కూడా చాలాసార్లు మట్టిలో క్యాల్షియం లేక రాదు. ఒకరోజు మట్టి ఎండిపోయి మర్నాడు తడిసి ముద్దయితే వేరు దాన్ని కాయదాకా అందించలేదు. గుడ్డు పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందదు. వేస్తే నష్టం లేదు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మల్లిపందిరి

ధన్యవాదాలు గురువు గారూ. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించి, వంట ముగించుకుని మిద్దె మీదికి వెళ్లేసరికి పది దాటుతుంది. ఆ వేళకు పూలన్నీ ముడుచుకునే ఉంటాయి. ముడుచుకున్నవి మొగ్గలనే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. తేనెటీగలు కనబడవు. ఇంతకుముందున్నవాళ్లు తోట చుట్టూ, పైనా సన్న వల కట్టించి వెళ్లారు. పావురాలు రావు, పురుగు కూడా తక్కువే.

తోటమాలి_తెనాలి

అయితే కారణం దొరికిందమ్మా. పురుగు రాని వలలోకి తేనెటీగా రాదు. టమాటా, వంగ, బెండ తమ పూవులోని పుప్పొడితోనే కాయ కట్టేస్తాయి కాబట్టి ఆ వలలో మీకు ఇబ్బంది తెలియలేదు. జుకినీ గుమ్మడి జాతి. మగపూలు వేరు, ఆడపూలు వేరు, మధ్యలో మోసేవాళ్లు ఉండాలి. ఆ పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలికి ఎగరదు. పూవు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి మూసుకుంటుంది. ఆడపూవుకు ఉన్నది ఆ ఒక్క పూటే. మర్నాడు మళ్లీ విచ్చుకోదు.

పద్ధతి చెబుతాను, చాలా తేలిక. పొద్దున ఏడు, ఏడున్నర మధ్య వెళ్లండి. సన్నటి పొడవాటి కాడ మీద నిటారుగా ఉండేది మగపూవు. పూవు వెనక చిటికెనవేలంత పిందెతో, కాండానికి దగ్గరగా పొట్టి కాడతో ఉండేది ఆడపూవు. మగపూవును కాడతో సహా కోయండి. రేకులు చించేయండి. మధ్యలో ఒక చిన్న స్తంభం మిగులుతుంది. వేలితో తాకి చూడండి, పసుపు అంటినట్టు అంటాలి. అంటకపోతే ఇంకా ఈనలేదని అర్థం, అరగంట ఆగండి. ఇప్పుడు ఆడపూవు లోపలికి చూడండి. నారింజ రంగులో, జిగటగా, మడతలు మడతలుగా కీలాగ్రం ఉంటుంది. స్తంభాన్ని ఆ మడతలన్నిటికీ తగిలేలా మెల్లగా చుట్టూ తిప్పండి. ఒక వైపే తగిలిస్తే ఆ వైపు గింజలే కట్టి కాయ వంకరపోతుంది. ఒక మగపూవు ఒకటి రెండు ఆడపూలకు సరిపోతుంది.

పెయింటు కుంచెతో కూడా చేయొచ్చంటారు. చేయొచ్చు, కానీ సగం పుప్పొడి కుంచెకే ఉండిపోతుంది. పూవుతోనే చేయండి.

ఎర్రమట్టి (నిజామాబాద్ జిల్లా)

తెనాలి సార్ చెప్పింది పక్కా. మాది నిజామాబాద్ దగ్గర పల్లె, అరెకరంల జుకినీ పెడ్తున్న, హైదరాబాద్‌కే పోతది. అక్కా, మీ మొక్కల తప్పేం లేదు. నాకు గూడ పొద్దుగాల మబ్బు పట్టి తేనెటీగ రాని రోజులుంటయి. అప్పుడు మా ఇంట్లోళ్లం అందరం సాళ్లల్ల నడుసుకుంట చేతితోనే పూలు అద్దుతం. ఆ రోజు అద్దినయి నిలవడ్తయి, అద్దనియి రాల్తయి.

ఒక్కటి యాద్ వెట్టుకోండ్రి. మొదట్ల వారం పది రోజులు మగపూలే ఎక్కువ వస్తయి. ఆడపూలు తర్వాత వస్తయి. ఎండలు ముదిరినంక మళ్ల మగపూలే ఎక్కువైతయి. చల్లగున్నప్పుడు ఆడపూలు బాగొస్తయి. గందుకే మా దిక్కు అక్టోబర్ల ఒకపారి, జనవరి మొదట్ల ఇంకోపారి పెడ్తం. మార్చి ఆఖరుకు బందు. 35 డిగ్రీలు దాటినంక పుప్పొడి పని చెయ్యది, ఎంత అద్దినా లాభం ఉండది.

మల్లిపందిరి

అన్నా, మీరన్నట్టే మొదట్లో అన్నీ మగపూలే వచ్చాయి. ఇప్పుడు కొన్ని రోజులు ఆడపూవు విచ్చుకుంటుంది, మగపూవు ఒక్కటీ ఉండదు. అలాంటి రోజు ఏం చేయాలి? మా మిద్దె మీద బీరపాదు కూడా ఉంది. ఆ పూల పుప్పొడి పనికొస్తుందా?

తోటమాలి_తెనాలి

పనికిరాదమ్మా. బీర, సొర, దోస, కాకర వేరే వేరే జాతులు, వాటి పుప్పొడితో జుకినీ గింజ కట్టదు. మన తియ్యగుమ్మడి దగ్గరి చుట్టమే గానీ అదీ నమ్మకంగా పట్టదు. జుకినీకి జుకినీయే కావాలి. పసుపు రంగు జుకినీ అయినా సరే, రెండూ ఒకే జాతి.

మగపూవు కొరత రాకుండా రెండు దారులున్నాయి. సాయంత్రం చూస్తే మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ తెలుస్తుంది. కొన నారింజ రంగు తిరిగి, మడతలు కొంచెం వదులై ఉంటుంది. అలాంటి మగమొగ్గను పొడవు కాడతో కోసి గ్లాసెడు నీళ్లలో పెడితే పొద్దునకు ఇంట్లోనే విచ్చుకుంటుంది. రెండోది, మొక్కలన్నీ ఒకేసారి వేయకుండా రెండు మూడు వారాల తేడాతో వేయడం. ఒకటి ఆడపూల మీద ఉన్నప్పుడు ఇంకొకటి మగపూల మీద ఉంటుంది.

ఆ సన్న వల ఒక పక్కన పొద్దున పూట ఎత్తి కట్టగలరేమో చూడండి. తులసి, బంతి కుండీలు దగ్గర పెడితే తేనెటీగలు దారి పడతాయి. ఐదో అంతస్తు వాటికి ఎత్తేమీ కాదు.

చలిలో_చిక్కుడు (రెడింగ్, ఇంగ్లండ్)

ఈ చర్చ చూసి చాలా సంతోషమేసింది. ఇక్కడ మా అలాట్‌మెంట్‌లో (కూరగాయలు పెంచుకోవడానికి అద్దెకిచ్చే మడుల తోట) ప్రతి మడిలోనూ ఇదే మొక్క, కోర్జెట్ అంటారు. మాకు బాధ ఎండతో కాదు, చలితో, వానతో. ఏప్రిల్లో ఇంట్లో కిటికీ దగ్గర చిన్న కుండీల్లో విత్తుతాం, మే చివర్లో మంచు భయం పోయాకే బయట నాటుతాం. జూన్‌లో వారం పాటు ముసురు పట్టిందంటే తేనెటీగ బయటికి రాదు. అప్పుడు మావీ సరిగ్గా మీ ఫొటోలోలాగే కుళ్లుతాయి.

అందుకే ఇక్కడ చాలామంది పుప్పొడి అక్కర్లేకుండానే కాయ కట్టే రకాలు వేస్తారు. పార్థెనాన్, కవిలి అలాంటివే. గింజ లేకుండా కాయ పెరుగుతుంది. వల తీయడం కుదరని మిద్దె తోటకు అలాంటి రకం నిజంగా వరం. వైరస్ తట్టుకోవడానికి నేను డిఫెండర్ అనే హైబ్రిడ్ వేస్తాను, అది కుకుంబర్ మొజాయిక్ వైరస్‌ను బాగా తట్టుకుంటుంది.

నత్తల సంగతి చెప్పక్కర్లేదు. లేతమొక్క నాటిన రాత్రే పెంకు లేని నత్తలు మొదలుకంటా కొరికేస్తాయి. అందుకే మొక్కకు నాలుగైదు ఆకులు వచ్చి కాండం గట్టిపడ్డాకే నాటుతాను. నాటాక కొన్నాళ్లు రాత్రిపూట టార్చి పట్టుకుని ఏరడం తప్పదు.

మల్లిపందిరి

అక్కా, మా తమ్ముడు సంక్రాంతికి లండన్ నుంచి వస్తున్నాడు. పార్థెనాన్ విత్తనాలు రెండు ప్యాకెట్లు తెమ్మననా?

తోటమాలి_తెనాలి

వద్దమ్మా, తెప్పించకండి. మన దేశంలోకి విత్తనం తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, విత్తనానికి తెగుళ్లు లేవనే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. రెండు ప్యాకెట్లేగా అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ జుకినీ ఎల్లో మొజాయిక్ వైరస్ అని ఒకటుంది, 1970లలో ఇటలీలో మొదట కనబడింది. ఇప్పుడు గుమ్మడి జాతులు పండే ప్రతి చోటా ఉంది. అది కొద్ది శాతమైనా విత్తనం ద్వారా వెళ్తుంది, ఆపైన పేనుబంక మోస్తుంది. ఇటు నుంచి అటూ అంతే. ఢిల్లీ పేరుతో పిలిచే టమాటా ఆకుముడత వైరస్ 2012లో స్పెయిన్‌లో కనబడి అక్కడి జుకినీ తోటలను దెబ్బతీసింది. దాన్ని మోసేది తెల్లదోమ. ఇక్కడ అమ్మే విత్తనంలో కూడా పుప్పొడి అక్కర్లేని రకాలు ఉంటాయి, ప్యాకెట్ మీద చూసి కొనండి. మామూలు పెరటికైతే ఆస్ట్రేలియన్ గ్రీన్, పూసా అలంకార్ మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నవే.

వేపకొమ్మ (అనంతపురం)

ఆకుల మీద తెల్ల మచ్చల సంగతి ఎవరూ చెప్పలేదు. రెండో ఫొటో చూస్తే ఈనెలు చీలే చోట్ల వెండి రంగులో ఉన్నాయి. మల్లిపందిరి గారూ, ఒక మచ్చను వేలితో గట్టిగా రుద్దండి. పొడి రాలితే బూడిద తెగులు. ఏమీ రాలకపోతే అది ఆ రకం ఆకుకు పుట్టుకతో ఉన్న రంగు, దానికి ఏ మందూ అక్కర్లేదు. నేను చూసిన ప్రతి తోటలోనూ ఈ వెండి మచ్చలకు భయపడి గంధకం కొట్టేవాళ్లు ఒకరైనా ఉంటారు.

ఈనెల దగ్గర మాత్రమే కాకుండా ఆకు మొత్తం వెండి పూసినట్టయితే మాత్రం ఆకు తిప్పి చూడండి. తెల్లదోమ ఉంటుంది. అప్పుడు పసుపు రంగు జిగురు అట్టలు కట్టి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. విచ్చుకున్న పూల మీద పడనివ్వకండి.

మల్లిపందిరి

రుద్ది చూశానండీ. ఏమీ రాలలేదు. అన్ని ఆకులకూ ఒకే తీరుగా, ఈనెల పక్కనే ఉన్నాయి. పెద్ద బరువు దిగింది.

చలిలో_చిక్కుడు

మాకు ఆగస్టు వచ్చేసరికి నిజమైన బూడిద తెగులే వస్తుంది, తప్పదు. నేను పాలు కొడతాను. ఎవరో చెప్పిన చిట్కా కాదు ఇది. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త జుకినీ మొక్కల మీదే పరీక్షించి 1999లో ప్రచురించారు. లీటరు ద్రావణంలో 100 మి.లీ. పాలు, మిగతా నీళ్లు, వారానికొకసారి. ఎండ ఉన్న పొద్దున ఆకు రెండు వైపులా పడాలి. తెగులు మొదటి చుక్కలు కనబడగానే మొదలుపెడితేనే ఆగుతుంది. ఆకంతా తెల్లబడ్డాక కొడితే ఉపయోగం ఉండదు.

బీరపాదు

పాలు కొడితే చీమలు, వాసన రావా? మాకు కృష్ణా గట్టు మీద గాలిలో తేమ ఎక్కువ. నీటిలో కరిగే గంధకమే నయం అనిపిస్తుంది, లీటరుకు 3 గ్రాములు.

తోటమాలి_తెనాలి

పల్చగా కలిపితే వాసన నిలవదు. గంధకం పని చేస్తుంది, నేనూ రైతులకు చెప్పేవాణ్ణి. కానీ గుమ్మడి జాతి ఆకులు గంధకానికి సున్నితం. 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు అంచులు మాడతాయి. చలికాలంలో, సాయంత్రం పూట, ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూసి తర్వాత మొక్కంతటికీ కొట్టండి.

మీకు కృష్ణా గట్టు మీద అసలు శత్రువు బూడిద తెగులు కాదు, బూజు తెగులు. ఆకు పైన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు, కింద వైపు బూడిద ఊదా రంగు బూజు. మంచు బాగా పడే రోజుల్లో వస్తుంది. దానికి పాలూ పనిచేయవు, గంధకమూ పనిచేయదు. మొక్కల మధ్య మూడడుగుల ఎడం, నీరు మొదట్లోనే పోయడం, నేలకు ఆనిన పాత ఆకులు కోసేయడం, వీటితోనే సగం కాపాడుకోవాలి. ఆకు కాడలు బోలుగా ఉంటాయి కాబట్టి కోసేటప్పుడు కాండానికి అంటుకుని కాకుండా అంగుళం వదిలి, శుభ్రమైన కత్తితో, ఎండ ఉన్న పూట కోయండి.

పెరటిబావి (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్తే. ఇక్కడ మా తెలుగువాళ్ల పెరళ్లలో బీరకాయ వచ్చేది ఆగస్టులో, అదీ మంచు పడేలోపు కొన్నాళ్లే. జుకినీ జూన్ చివరికే వచ్చేస్తుంది. బీరకాయ పప్పు, బీరకాయ పచ్చడి, అన్నీ దీనితోనే కానిచ్చేస్తాం. ఇక్కడివాళ్లకు కూడా కాపు ఎంత ఎక్కువంటే ఆగస్టు 8న పక్కింటివాళ్ల గుమ్మంలో జుకినీలు పెట్టి వచ్చే రోజు ఒకటి పెట్టుకున్నారు.

కానీ మాకు ఒక పురుగు ఉంది, దేవుడా. కందిరీగలా కనిపించే రెక్కలపురుగు, నారింజ పొట్ట. జూన్, జూలైలో కాండం మొదట్లో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు కాండంలోకి దూరి లోపల తినేస్తుంది. నిన్నటిదాకా కళకళలాడిన మొక్క ఒక మధ్యాహ్నం వేలాడిపోతుంది. మొదట్లో రంపపు పొట్టులాంటిది కనబడితే అదే. నేను మొక్క చిన్నప్పుడే మొదలు చుట్టూ అల్యూమినియం రేకు చుడతాను, పూలు వచ్చేదాకా పైన పల్చటి గుడ్డ కప్పుతాను. ట్రాంబోన్‌చీనో అనే పాదు రకం వేస్తే ఈ పురుగు బాధ చాలా తక్కువ, దాని కాండం గట్టిగా ఉంటుంది. అక్కడ మీకూ ఈ పురుగు ఉందా?

ఎర్రమట్టి

ఇక్కడ గది లేదన్నా. మాకు వేరేయి ఉన్నయి. మొలక రాంగనే ఎర్రటి గుమ్మడి పెంకు పురుగు వస్తది. రెండు ఆకులున్న మొక్కని ఒక్క రోజుల జల్లెడ చేస్తది. పొద్దుగాల చల్లకు అది ఎగరది, గప్పుడు చేతితో ఏరి సబ్బు నీళ్లల్ల వెయ్యాలె. మంచు తడి మీద కట్టెల బూడిద పల్చగ చల్తే కూడ ఆగుతది. మొక్క నాలుగైదు ఆకులు పట్టిందంటే ఇగ భయం లేదు.

కాయ మీద మాత్రం పండు ఈగ. గది పిందెను కుచ్చి లోపల గుడ్లు పెడ్తది. పైన చిన్న బుడిపె, బంక కారుతది, కోస్తె లోపల తెల్లటి పురుగులు. క్యూ లూర్ అని ఈగలను గుంజే మందు పెట్టిన బుట్టలు కడ్తం. గవి మగ ఈగలనే పడ్తయి గనక బుట్ట ఒక్కటే సాలది. అక్కా, మీరు పూలు అద్దినంక రెండో రోజు పిందెకు పల్చటి గుడ్డ సంచో, కాయితమో తొడగండ్రి. కుచ్చిన కాయలని ఎరువు కుప్పల ఎయ్యొద్దు. గట్టి ప్లాస్టిక్ కవర్ల కట్టి ఎండల పెట్టుండ్రి. లేకుంటె గా పురుగు మట్టిలకు దిగి మళ్ల ఈగై లేస్తది.

వేపకొమ్మ

సందర్భం వచ్చింది కాబట్టి నా సందేహం కూడా అడుగుతాను. పోయిన ఏడు పెరట్లో ముదరబెట్టిన జుకినీ కాయ నుంచి గింజలు తీసి ఈ ఏడు వేశాను. అదే పెరట్లో అందం కోసం వేసే చిన్న గుమ్మడికాయల పాదు కూడా ఉండేది. ఇప్పుడు వచ్చిన కాయలు కొంచెం గుండ్రంగా ఉన్నాయి, నాలుక మీద పెడితే చేదుగా ఉంది. ఉప్పు రాసి పిండేస్తే చేదు పోతుందని మా అత్తగారు అంటున్నారు. కాకరకాయకు చేసినట్టే చేయొచ్చా?

తోటమాలి_తెనాలి

తినకండి. ఇంట్లో ఎవరినీ తిననివ్వకండి. ఆ కాయలను పశువులకు కూడా వేయకండి.

కాకర చేదు వేరు, ఇది వేరు. జుకినీలో, సొరలో, దోసలో చేదు వచ్చిందంటే కుకుర్బిటాసిన్లు అనే విషం పెరిగిందని అర్థం. ఉప్పు రాసినా, ఉడికించినా, వేయించినా అది పోదు. 2015లో జర్మనీలోని హైడెన్‌హైమ్‌లో ఒక పెద్దాయన ఇంట్లో పండించిన చేదు జుకినీ కూర తిని చనిపోయారు. అదే కూర కొద్దిగా తిన్న ఆయన భార్య ఆసుపత్రిలో చేరి బతికారు. మన దగ్గర సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల సంఘం దీన్ని పరిశీలించింది. 2012లో అచ్చయిన వారి నివేదిక, చేదుగా ఉన్న సొరకాయ రసం తాగవద్దని స్పష్టంగా చెప్పింది.

మీ కాయ ఎందుకు చేదైందో మీ మాటల్లోనే ఉంది. అందం కోసం పెంచే ఆ చిన్న గుమ్మళ్లు చాలావరకు జుకినీ జాతివే, కానీ చేదువి. తేనెటీగ ఆ పుప్పొడి తెచ్చి వేసింది. ఆ ఏడు కాయకు ఏమీ తెలియదు, గింజలోకి చేదు దిగింది, ఈ ఏడు బయటపడింది. ఆ మొక్క పీకేయండి, మిగిలిన గింజలు పారేయండి. జుకినీకి ఏటా కొత్త ప్యాకెట్టే కొనండి. కొన్న విత్తనమైనా సరే, కోసిన ప్రతి కాయ నుంచి చిన్న ముక్క నాలుక కొసన పెట్టి చూసి, చేదు లేదంటేనే కూరకు తరగండి. చేదు తగిలితే ఉమ్మేసి నోరు పుక్కిలించండి.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ కాకరకాయ సంగతి సరిగ్గానే చెప్పారు.

వేపకొమ్మ

పీకేశానండీ. ఆవిడకు చదివి వినిపించాను, ఆవిడే దగ్గరుండి కాయలన్నీ ఏరి గుంట తీసి పూడ్పించారు. చాలా ధన్యవాదాలు.

మల్లిపందిరి

అందరికీ ఒక మంచి కబురు. పొద్దున కాఫీ కప్పుతో పాటే మిద్దె ఎక్కుతున్నాను ఇప్పుడు. వల ఒక పక్క ఎత్తి కట్టాం. అద్దిన పూలలో చాలావరకు నిలబడ్డాయి. నిలబడినది రెండో రోజుకే తెలిసిపోతోంది. పూవు వాడి ఊడుతుంది, పిందె నిగనిగలాడుతూ కిందికి వంగుతుంది, పొద్దునకూ సాయంత్రానికీ తేడా కనిపిస్తుంది. ఫొటో పెట్టాను. ఎంత పొడవున కోయాలి? మధ్యాహ్నం ఆకులన్నీ వేలాడిపోతున్నాయి, సాయంత్రం నీళ్లు ఎక్కువ పోయాలా?

ఎర్రమట్టి

మస్తుందక్కా కాయ! జానెడు కంటె పెద్దగ కానియ్యకుండ్రి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకు కొయ్యాలె. గోరు గుచ్చితే తోలు సులువుగ తెగాలె. ఒక్క కాయ ముదిరిందంటె మొక్క గింజల మీదికి పోతది, కొత్త పిందెలు ఆగుతయి. రోజు ఇడిసి రోజు చూడుండ్రి. గుంజి తెంపొద్దు, కాండం చీల్తది. కత్తితోని కొంచెం కాడ ఉంచి కొయ్యండ్రి.

తోటమాలి_తెనాలి

మధ్యాహ్నం ఆకు వాలడం చూసి నీళ్లు పోయకండి. అంత వెడల్పు ఆకు ఎండలో వదిలే నీటిని వేరు అదే వేగంతో అందించలేదు. పొద్దు వాలాక తేరుకుంటే మొక్క క్షేమం. పొద్దున లేచేసరికి కూడా వాలి ఉంటేనే నీరు తక్కువనో, వేరు కుళ్లిందనో చూడాలి. వేలు రెండు కణుపులు మట్టిలో దించండి, పొడిగా తగిలితే పొద్దున పూట అడుగు నుంచి నీరు కారేదాకా పోయండి. పైన ఎండుటాకులు మూడు అంగుళాల మందాన పరవండి.

కాపు మొదలైంది కాబట్టి పదిహేను రోజులకొకసారి బ్యాగుకు రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు ఎక్కువ పోస్తే ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. 18 అంగుళాల బ్యాగు నిండితే దాదాపు 75 లీటర్ల మట్టి, తడిసినప్పుడు 80 కిలోలకు పైనే తూగొచ్చు. బ్యాగులన్నీ స్లాబు నడిమధ్య పెట్టకుండా దూలాల మీదికి, గోడల వెంబడి సర్దండి.

పెరటిబావి

మొదటి కాయ పచ్చడి చేయండి మల్లిపందిరి గారూ. చెక్కు తీయకుండా ముక్కలు కోసి, నూనెలో పెద్ద మంట మీద మగ్గించండి, మూత పెట్టొద్దు, ఉప్పు అప్పుడే వేయొద్దు. ఉప్పు పడితే నీరంతా బయటికొచ్చి ఉడికిపోతుంది, వేగదు. పచ్చిమిర్చి, కొత్తిమీర, చింతపండు, వేయించిన నువ్వులు వేసి బరకగా రోట్లో నూరి, అప్పుడు ఉప్పు. ఇంగువ పోపు. మిగిలిన మగపూలు ఉంటే శనగపిండిలో ముంచి బజ్జీలు వేయండి, లోపలి స్తంభం తీసేసి, చీమలు లేకుండా దులిపి.

మల్లిపందిరి

ఆదివారం అదే చేస్తాను. నాలుక కొసన పెట్టి చూశాకే.

అన్నా, ఎర్రమట్టి గారూ, జనవరి మొదట్లో రెండో విడత అన్నారు కదా. ఈ బ్యాగుల్లోనే మళ్లీ వేయొచ్చా, మట్టి మార్చాలా?

ఎర్రమట్టి

వేరే బ్యాగులల్ల వెయ్యండ్రి అక్కా. ఇవి ఫిబ్రవరి దాంక కాస్తయి. ఆకులు చిన్నగై, గట్లనే ముడుసుకుని, పసుపు ఆకుపచ్చ అతుకులు పడ్డ మొక్క కనబడితె అది వైరస్, ఆలోచించకుండ పీకెయ్యండ్రి, పక్కదానికి పోతది. కాపు అయిపోయినంక గా మట్టిని ఎండల పల్చగ పరిచి, ఎరువు కలిపి, గండ్ల తోటకూరనో మెంతికూరనో వెయ్యండ్రి. మళ్ల గుమ్మడి జాతి గండ్ల పెట్టకుండ్రి ఒక ఏడాది. జనవరి విత్తనానికి రాత్రి సలి ఎక్కువుంటది గనక గింజను చిన్న కప్పులల్ల ఇంట్లనే మొలిపించుండ్రి. మూడో ఆకు పడంగనే మట్టి గడ్డ పగలకుండ నాటుండ్రి, దీని వేరు కదిలిస్తె ఓర్వది.